కలెక్టరు చదువుకు ఎన్నేళ్ళు?

"మా వాడు కలెక్టరు పరీక్షకు చదువుతున్నాడండీ" అని చెప్పుకోవడంలో తల్లిదండ్రులకు ఎంతో సంతోషం ఉన్నది. మొదటి ఏడు ఆ మాట గట్టిగానే వస్తుంది. రెండో ఏడు కాస్త మెల్లగా వస్తుంది. నాలుగో ఏట, ఎవరైనా అడుగుతారేమోనని చుట్టాలిళ్ళలో పెళ్ళిళ్ళకు పోవడమే మానుకుంటారు. అందుకే అబ్బాయి గాని, అమ్మాయి గాని ఈ చదువులోకి దిగకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్క చూసుకోవడం మంచిది.

ఒకప్పుడు ఈ పరీక్ష రాయాలంటే ఓడెక్కి లండను పోవలసి వచ్చేది. 1922లో మొదటిసారిగా మన దేశంలో, అలహాబాదులో పెట్టారు. ఇప్పుడు ప్రిలిమ్స్ హైదరాబాదులోనూ, విజయవాడలోనూ, తిరుపతిలోనూ రాయవచ్చు. దూరం తగ్గింది గాని పోటీ తగ్గలేదు.

2022 పరీక్షకు దరఖాస్తు పెట్టినవారు 11 లక్షల 35 వేలమంది పైచిలుకు. తీరా హాజరైనవారు 5 లక్షల 73 వేలమంది. మెయిన్స్‌కు అర్హులైనవారు 13,090 మంది. ఇంటర్వ్యూకు వెళ్ళినవారు 2,529 మంది. ఎంపికైనవారు 933 మంది. మిగిలినవారంతా తెలివి తక్కువవారా? కానే కారు. ఉన్న ఉద్యోగాలే అన్ని!

చదివితే చాలదు

ప్రిలిమ్స్ మొదటి పేపరులో రెండు గంటలకు నూరు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి రెండు మార్కులు. తప్పు రాస్తే ఆ మార్కుల్లో మూడో వంతు కోత. అంటే మూడు తప్పులు ఒక ఒప్పును మింగేస్తాయి. తెలియని ప్రశ్నను వదిలిపెట్టడం కూడా ఇక్కడ ఒక విద్యే.

మెయిన్స్ సంగతి వేరు. మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లలో ఒక్కొక్కదానిలో ఇరవై ప్రశ్నలు, మూడు గంటల వ్యవధి. ప్రశ్నకు తొమ్మిది నిమిషాలు! అన్నీ పూర్తిగా రాస్తే ఇంచుమించు నాలుగువేల మాటలవుతాయి. చాలామంది పిల్లలు గదినిండా పుస్తకాలు పోగుచేస్తారు గాని, గడియారం ఎదుట పెట్టుకుని రోజుకు రెండు జవాబులు రాయరు. వంట పుస్తకం ఎంత చదివినా గరిటె పట్టనిదే వంట రాదు కదా!

తెలుగులో రాయవచ్చునా?

నిక్షేపంగా రాయవచ్చు. మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు. తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛిక విషయంగా తీసుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన రోణంకి గోపాలకృష్ణ తెలుగులోనే రాసి, 2016 పరీక్షలో దేశంలో మూడవ ర్యాంకు పొందారు. అయితే జనరల్ స్టడీస్ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. పైగా ఇంగ్లీషు పేపరులో నూటికి ఇరవై అయిదు వంతున మార్కులు రాకపోతే మిగిలిన పేపర్లను దిద్దరు. కనుక తెలుగులో రాసేవారు ఇంగ్లీషు చదివి అర్థం చేసుకునే శక్తిని వదులుకోరాదు.

చేతిలో ఒక ఆధారం

గోపాలకృష్ణ బడి పంతులుగా పనిచేసినవారు. 2017 పరీక్షలో దేశంలోనే ప్రథముడుగా వచ్చిన దురిశెట్టి అనుదీప్‌కు అది అయిదవ ప్రయత్నం. అప్పటికే ఆయన రెవిన్యూ సర్వీసులో ఉన్నారు. ఉద్యోగం చేస్తూ చదవడం కష్టమే. కాని పరీక్ష పోయినా బ్రతుకు పోదన్న ధైర్యం ఉన్నవాడు పరీక్ష హాలులో నిబ్బరంగా కూర్చుంటాడు.

జనరల్ అభ్యర్థికి 32 ఏళ్ళ లోపు ఆరు అవకాశాలు ఉన్నాయి. ఆరు ఉన్నాయి గదా అని ఆరూ వాడుకు తీరాలని ఎక్కడా లేదు. ఒక్కొక్క ప్రయత్నం ఇంచుమించు ఒక ఏడు తింటుంది. ఇరవై రెండో ఏట మొదలుపెట్టినవాడు ఇరవై ఎనిమిదికి వట్టి చేతులతో తేలితే, కొత్తగా ఉద్యోగం వెతుక్కోవడం అంత సులభం కాదు.

కనుక మొదటి పుస్తకం కొనకముందే మూడు సంగతులు తేల్చుకోండి. ఎన్నిసార్లు రాయాలి? నెలకు ఎంత డబ్బు పంపగలం? రాకపోతే ఏ పని చేయాలి? ఈ మూడో ప్రశ్న అడగడం అశుభమనుకుంటారు కొందరు పెద్దలు. అందులో అశుభమేమీ లేదు. "నీకు ర్యాంకు రాకపోయినా ఈ ఇంట్లో నీ మర్యాద తగ్గదు" అన్న మాట ఆ ప్రశ్నతోపాటే చెప్పండి. ఏ కోచింగు సెంటరూ ఇవ్వలేని బలం అది.