విదేశీ పార్సెల్‌కు తూకం కంటె పెట్టె కొలతే ముఖ్యం

విజయవాడ: ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా విదేశాలకు చిల్లరగా సరుకు అమ్మే వర్తకులకు సరుకు కొనడం కంటె ధర కట్టడమే కష్టమవుతున్నది. కిరాయి, సుంకం సరిగా లెక్క వేయకపోతే ఆర్డర్లు పెరిగినకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

కొండపల్లి బొమ్మల సంగతే చూద్దాం. తెల్ల పొణికి కర్రతో చేసిన బొమ్మ తేలిక. కాని విరగకుండా చుట్టూ మెత్త పెట్టి కట్టేసరికి పెట్టె పెద్దదవుతుంది. డి.హెచ్.ఎల్., ఫెడెక్స్ వంటి ఎక్స్‌ప్రెస్ కొరియర్లు అసలు తూకం, పెట్టె కొలతను బట్టి వచ్చే తూకం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000 చేత భాగిస్తే కిలోలు వస్తాయి. 40, 30, 30 సెం.మీ. పెట్టెకు 7.2 కిలోలు. లోపలి సరుకు రెండున్నర కిలోలే అయినా బిల్లు మాత్రం అర కిలోకు సవరించి 7.5 కిలోలకు వస్తుంది. అదే సరుకును 35, 25, 20 సెం.మీ. పెట్టెలో సర్దితే 3.5 కిలోలే. కిరాయి కిలోకు 800 రూపాయలనుకుంటే మొదటి పెట్టెకు 6,000, రెండవదానికి 2,800 రూపాయలు. తేడా 3,200. బొమ్మల మీద అంత లాభం ఎవరికి మిగులుతుంది? పెట్టె తేల్చుకున్న తరువాతనే ధర ప్రకటించాలి. చాలామంది చేస్తున్నది దీనికి తలకిందులు.

కమీషన్ విషయంలోనూ ఒక మెలిక ఉన్నది. ఎట్సీ తీసుకునే 6.5 శాతం సరుకు ధరకే కాక, కొనుగోలుదారు నుండి వసూలు చేసిన కిరాయికి కూడా వర్తిస్తుంది. 2,800 కిరాయి మీద 182 రూపాయలు అదనంగా పోతాయి.

ఇక సుంకం. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సెళ్లకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29న ముగిసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుండి అక్కడికి సరుకు పార్సెళ్లు నిలిపి, అక్టోబర్ 15న తిరిగి ప్రారంభించింది. అప్పటి నుండి సుంకాన్ని పంపేవారే బుకింగ్ నాడు చెల్లించాలి. పునఃప్రారంభం నాటి రేటు ప్రకటిత విలువలో 50 శాతం. సుంకాలు తరచు మారుతున్నందున పాత రేటు నమ్ముకుని ధర కట్టరాదు.

సుంకం కొనుగోలుదారు మీద వదిలివేయగల చోట్ల అది చౌక బేరంగా కనిపిస్తుంది. అతను సరుకు వద్దంటే మాత్రం తిరుగు కిరాయి అమ్మినవారి నెత్తినే పడుతుంది. ఐరోపా సమాఖ్యకు 150 యూరోల లోపు సరుకైతే, అంగడివారు ముందే వ్యాట్ వసూలు చేసి ఇచ్చే ఐ.ఒ.ఎస్.ఎస్. నంబరును పార్సెల్ వివరాలలో తప్పక చేర్చాలి. లేకుంటే కొనుగోలుదారును రెండవసారి పన్ను అడుగుతారు.

విలువ తగ్గించి రాయడం, అమ్మిన సరుకును బహుమతి అనడం కొందరికి అలవాటు. బ్యాంకుకు వచ్చిన డాలర్లకు, ప్రకటించిన విలువకు పొంతన లేకపోతే కస్టమ్స్‌కు జవాబు చెప్పుకోవాలి. పైగా సరుకు పోతే బీమా సొమ్ము రాసిన విలువను మించి రాదు.

తపాలా ద్వారా పంపేవారు ఐ.ఇ.సి. నంబరుతో పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ దాఖలు చేయాలి. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలలో ఈ పని జరుగుతుంది. ఆ బిల్లు లేకుండా పంపిన సరుకుకు జి.ఎస్.టి. వాపసు అడగడానికి ఎగుమతి రుజువు చేతిలో ఉండదు.