చలికాలం, పాత మియాటా, ఒక తుప్పు పట్టిన బ్రేక్ పైపు

ఈ ఎపిసోడ్ మా గ్యారేజ్ నుంచే. మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తోంది చూడండి, ఇక్కడ చలి అలా ఉంది. ఫిబ్రవరి చివరికొచ్చాం, అయినా బయట మంచు పడుతూనే ఉంది. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: నేనుండేది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన. వారంలో ఐదు రోజులు కోడింగ్ చేసేవాణ్ణి, ఇప్పుడు వీడియోలు చేస్తున్నాను. నా వెనక కనిపిస్తున్న ఎర్ర కారు పేరు మాజ్డా మియాటా, 1991 మోడల్. అంటే నాకంటే వయసులో పెద్దది.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, చలికాలం అంతా కారు తీయవు కదా, మరి గ్యారేజ్‌లో ఏం చేస్తుంటావ్?" అని. ఈరోజు దానికే సమాధానం. పాత స్పోర్ట్స్ కారుని చలికాలంలో ఎలా బాగుచేసుకోవాలి, ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది చెప్తాను. ఆ వరస తప్పితే ఏమవుతుందో కూడా చెప్తాను, ఎందుకంటే అది నాకే జరిగింది.

ముందు ఈ కారు గురించి రెండు ముక్కలు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో దీన్ని మొదటిసారి చూపించారు. అమెరికాలో మియాటా, యూరప్‌లో ఎంఎక్స్-5, జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అన్నారు. సీట్లు రెండే, టాప్ వెనక్కి మడిచేయొచ్చు. ఇంజన్ ముందుంటుంది, తిరిగేది వెనక చక్రాలు. మొదట్లో వచ్చింది 1.6 లీటర్ ఇంజన్, 116 హార్స్‌పవర్. ఇంతేనా అనిపిస్తుంది కదా? కానీ కారు బరువే టన్ను లోపు, అందుకే నడుపుతుంటే అంత సరదాగా ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ ఎంఎక్స్-5 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. అన్ని తయారయ్యాయి కాబట్టే ఇంత పాత కారుకి కూడా పార్టులు దొరుకుతున్నాయి. నాలాంటి మిడిల్ క్లాస్ వాడు దీన్ని కొనే ధైర్యం చేసింది అందుకే.

సరే, ఇప్పుడు నా తప్పు సంగతి.

కారు కొన్న మొదటి చలికాలం నేనేం చేశానో తెలుసా? కొత్త స్పీకర్లు పెట్టాను. సీట్ కవర్లు మార్చాను. పెయింట్‌కి రోజుల తరబడి పాలిష్ కొట్టాను. ఫొటోలు పెడితే లైకులే లైకులు. కారు కింద పడుకుని ఒక్కసారి కూడా చూడలేదు.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం, పక్కన రూమ్మేట్ ఉన్నాడు. ఫ్రీవే నుంచి ఎగ్జిట్ తీసుకుని బ్రేక్ నొక్కాను. పెడల్ మెత్తగా కిందిదాకా వెళ్లిపోయింది. కారు మాత్రం అనుకున్నంత ఆగట్లేదు. ఎదురుగా రెడ్ సిగ్నల్. పెడల్ గట్టిగా తొక్కిపట్టి, గేర్లు తగ్గించి, కుడివైపు గడ్డిలోకి తిప్పాను. ఆగింది. ఇద్దరం రెండు నిమిషాలు మాట్లాడలేదు.

బతికామంటే కారణం ఉంది. అమెరికాలో 1968 నుంచి అమ్మే కార్లలో బ్రేక్‌కి రెండు విడి సర్క్యూట్లు ఉండాలని రూల్. ఒక వైపు ఆయిల్ కారిపోయినా రెండో వైపు పనిచేస్తుంది. నాకు వెనక చక్రాలకి వెళ్లే స్టీల్ పైపు తుప్పు పట్టి పగిలింది, ముందు బ్రేకులు కాపాడాయి. ఇదిగో ఆ పైపు, దాచుకున్నాను. వేలితో నొక్కితే పొడి రాలుతోంది చూడండి.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. అంతా విని, తిట్టలేదు. "ఒరేయ్, డిపోలో బస్సుకి ముందు బ్రేకులు చూస్తాం, రంగు చివర్న వేస్తాం. నువ్వు తిరగేశావు," అన్నారు అంతే. తిట్టినా బాగుండేది.

మే నెలలో అమ్మా నాన్నా ఇక్కడికి వస్తున్నారు. ఈ కారు పక్క సీట్లో నాన్నని కూర్చోబెట్టాలి. అందుకే ఈ చలికాలం పనులన్నీ నాన్న చెప్పిన వరసలోనే చేస్తున్నాను. నెలకి ఒక పని, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి.

నవంబర్: నీళ్లు, ఉప్పు. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కింద, భూమిలో వెయ్యి అడుగులకి పైగా లోతులో ఉప్పు గని ఉందంటే నమ్ముతారా? నిజంగానే ఉంది, అక్కడ తవ్విన ఉప్పు రోడ్ల మీదికే వస్తుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీళ్లు, గాలి చాలు. నీళ్లలో ఉప్పు కలిస్తే కరెంట్ తేలిగ్గా పారుతుంది, ఆ రసాయన చర్య స్పీడ్ పెరుగుతుంది. మన వైజాగ్‌లో సముద్రం పక్కన బండ్లు తొందరగా తుప్పు పట్టేది కూడా ఇందుకే. ఇంకో మాట, ఉప్పుతో తడిసిన కారుని తెచ్చి వెచ్చటి గ్యారేజ్‌లో పెడితే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అందుకని లోపల పెట్టే ముందు కారు కింద భాగం మొత్తం నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

మియాటాకి ప్రత్యేకంగా ఒక జబ్బుంది. టాప్ మీద పడిన వాన నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీళ్లు డోర్ కింద ఉండే సిల్ ప్యానెల్‌లో నిలుస్తాయి. అక్కడ లోపలి నుంచి తుప్పు మొదలవుతుంది. బయట చిన్న బుడగ కనిపించేసరికి లోపల చిల్లు పడి ఉంటుంది. టెస్ట్ చాలా ఈజీ. ఆ మూలలో ఒక బాటిల్ నీళ్లు నెమ్మదిగా పోయండి, వెనక చక్రం ముందు నేల మీద కారాలి. నాకు ఎడమవైపు కారింది, కుడివైపు కారలేదు. ఇనుప ఊచ పెట్టి పొడవకండి, లోపల గొట్టం చిరుగుతుంది. గడ్డి కోసే మిషన్‌లో వాడే ప్లాస్టిక్ తాడు మెల్లగా తిప్పుతూ దింపాను. గుప్పెడు మట్టి వచ్చింది.

ఇదే నెలలో కారుని నిద్రపుచ్చే పనులు కూడా. ఇంజన్ ఆయిల్ మార్చాలి, ఎందుకంటే పాత ఆయిల్‌లో తేమ, యాసిడ్ ఉంటాయి, నెలల తరబడి లోపల ఉంచకూడదు. పెట్రోల్‌లో స్టెబిలైజర్ కలిపి, పది నిమిషాలు నడిపి, ట్యాంక్ ఫుల్ చేయాలి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టాలి. హ్యాండ్ బ్రేక్ లాగి వదిలేయొద్దు, పట్టేస్తుంది, చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. బ్యాటరీకి మెయింటైనర్ చార్జర్ తగిలించండి. ఈ కారులో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, కాబట్టి గ్యాస్ బయటికి పోయే ట్యూబ్ ఉన్న బ్యాటరీ, లేదా ఏజీఎం రకం మాత్రమే వాడాలి.

డిసెంబర్: బ్రేకులు. పగిలిన ముక్క ఒక్కటి మార్చి వదిలేయలేదు. ఒకచోట పగిలిందంటే మిగతాది కూడా అదే వయసు కదా. వెనక పైపు మొత్తం రాగి-నికెల్ మిశ్రమం పైపుతో మార్చాను. అది స్టీల్‌లా తుప్పు పట్టదు, పైగా చేత్తోనే వంచుకోవచ్చు. కష్టమల్లా చివర్ని రెండు మడతలుగా చేయడం, దాన్ని డబుల్ ఫ్లేర్ అంటారు. మొదటి ఆరు పాడుచేశాను, ఏడోది కుదిరింది. కుదిరిందని నేననుకుంటే చాలదు కాబట్టి, నట్లు బిగించాక తెలిసిన మెకానిక్‌ని పిలిచి ప్రతి జాయింట్ చూపించాను. బ్రేకుల విషయంలో మొదటిసారి చేస్తున్నవాళ్లు ఈ పని తప్పకుండా చేయండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

తర్వాత బ్రేక్ ఆయిల్. దీనికి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ లిమిట్ 140కి పడిపోతుంది. వరసగా బ్రేకులు వేస్తే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ మెత్తబడుతుంది. అందుకే పాతదంతా తీసేశాను. రూమ్మేట్ పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర. "నొక్కు, పట్టుకో, వదులు" అంటూ, దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గర చక్రం దాకా వచ్చాం. కాఫీ రంగులో బయటికొచ్చింది. ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పక్కన నీళ్లు, గుడ్డ రెడీగా పెట్టుకోండి.

జనవరి: టైమింగ్ బెల్ట్, కూలింగ్. ఈ ఇంజన్‌లో రబ్బర్ బెల్ట్ ఉంటుంది, 60,000 మైళ్లకి, అంటే దాదాపు 96,000 కిలోమీటర్లకి మార్చాలి. మనకి ముందు నడిపినవాళ్లు మార్చారా? బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. అదృష్టం ఏంటంటే ఈ 1.6 ఇంజన్‌లో బెల్ట్ తెగినా వాల్వులు, పిస్టన్లు గుద్దుకోవు, కారు ఆగిపోతుంది అంతే. చాలా ఇంజన్లలో అలా కాదు, బెల్ట్ తెగితే ఇంజన్ పోయినట్టే. వాటర్ పంప్ తిరిగేది ఆల్టర్నేటర్ బెల్ట్‌తో, కానీ దాన్ని మార్చాలంటే టైమింగ్ బెల్ట్ విప్పాల్సిందే. విప్పే శ్రమ ఎలాగూ ఒకటే కాబట్టి పంప్, టెన్షనర్, ఆయిల్ సీల్స్ అన్నీ ఒకేసారి మార్చేయండి. రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంక్ ఉంటుంది, చూడండి. నల్లగా ఉండాల్సింది గోధుమ రంగుకి తిరిగితే పెళుసెక్కినట్టు, పగలకముందే మార్చాలి. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

ఫిబ్రవరి, అంటే ఇప్పుడు: క్లచ్ స్లేవ్ సిలిండర్. మియాటాల్లో ఇది కారడం మామూలే. రెండు బోల్టులు, ఒక పైపు, అంతే పని అనుకున్నాను. మొదటి బోల్టు తల విరిగింది. అప్పుడే నేర్చుకున్నాను: తుప్పు పట్టిన బోల్టుకి ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయాలి. మర్నాడు ముందు కొంచెం బిగించి, తర్వాత విప్పాలి. ఒకేసారి బలం చూపిస్తే బోల్టే గెలుస్తుంది.

ఇప్పుడు మూడు మాటలు, ఇవి స్కిప్ చేయొద్దు. ఒకటి, జాకీ మీద ఉన్న కారు కిందికి ఎప్పుడూ దూరకండి. జాకీ ఉన్నది లేపడానికే, మోయడానికి జాక్ స్టాండ్లు పెట్టాలి. పెట్టాక కారుని గట్టిగా ఊపి చూసి, అప్పుడు కిందికి వెళ్లండి. రెండు, గ్యారేజ్ తలుపు మూసి ఇంజన్ స్టార్ట్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మత్తుగా ఉందని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. తలుపు తీసినా సరిపోదు, కారు బయటికి తీసుకెళ్లి స్టార్ట్ చేయండి. మూడు, విప్పే ముందు ఫొటో తీయండి, ప్రతి బోల్టూ పేరు రాసిన కవర్లో వేయండి. బ్యాకప్ లేకుండా డేటాబేస్ డిలీట్ చేస్తామా? ఇదీ అంతే.

ఇక మార్చిలో అందం పనులు. టాప్‌కి వెనక ఉండే ప్లాస్టిక్ కిటికీ చలిలో గట్టిపడుతుంది, అప్పుడు మడిస్తే పగుళ్లు వస్తాయి. అందుకే దాని పని ఎండ వచ్చాకే. పైకి లేచే హెడ్‌లైట్లలో ఒకటి బద్ధకంగా లేస్తోంది, దాని మోటార్ చూడాలి. మోటార్ పనిచేయకపోతే బానెట్ కింద రబ్బర్ మూత తీసి, నాబ్ తిప్పి చేత్తో లేపుకోవచ్చు. ముప్ఫై ఏళ్లు దాటిన కారులో అలాంటి ఆలోచన చూస్తే ముచ్చటేస్తుంది.

ఇంత పాత కారు మీద ఇంత కష్టం అవసరమా అంటారు కొందరు. మాజ్డా కంపెనీయే 2017లో జపాన్‌లో ఈ మొదటి తరం కార్లకి రిస్టోరేషన్ సర్వీస్ ప్రకటించింది. ఆగిపోయిన పార్టుల్లో కొన్నింటిని, సాఫ్ట్ టాప్‌తో సహా, మళ్లీ తయారుచేయించింది. తయారు చేసినవాళ్లకే అంత ప్రేమ ఉంటే మనకెందుకు ఉండకూడదు?

మీ దగ్గర మియాటా ఉండకపోవచ్చు. ఇంట్లో నాన్నగారి పాత స్ప్లెండరో, తాతగారి చేతకో ఉంటుంది. వరస మాత్రం అదే. ముందు నీళ్లు, తుప్పు. తర్వాత బ్రేకులు. ఆ తర్వాత ఇంజన్. చివర్న రంగు.

నిన్న నాన్నకి వీడియో కాల్‌లో కారు కింద భాగం చూపించాను. ఫోన్ పట్టుకుని కొత్త పైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపించాను. "కొంచెం వెనక్కి, ఆ క్లిప్ దగ్గర ఆపు. పైపు బాడీకి రాసుకుంటోంది చూడు, అక్కడ ఇంకో క్లిప్ వెయ్యి," అన్నారు. మెకానిక్ చూశాడు, నేను చూశాను, ఇద్దరికీ కనపడలేదు. వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషికి కనపడింది.

ఈ ఎపిసోడ్ అయిపోగానే ఆ క్లిప్ వేయబోతున్నాను. పెయింట్ వెలిసిపోయే ఉంది, మే నాటికి కూడా అలాగే ఉంటుందేమో. ఉండనివ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో హెడ్‌లైట్ మోటార్ విప్పుదాం. అప్పటిదాకా జాగ్రత్త, బై.