జేసీబీ కంటే ముందు కెమెరా

పెళ్లి ఫొటోలు నా స్టూడియోకు తిండి పెడతాయి. దేవరకొండ చుట్టుపక్కల కూలగొట్టబోయే పాత ఇళ్లను, పాడుబడ్డ బంగళాలను ఫొటో తీస్తే ఎవరూ పైసా ఇవ్వరు. అయినా కబురు తెలిస్తే జేసీబీ కంటే ముందే పోతాను.

ఈ పిచ్చి ఏలేశ్వరం వల్ల పట్టింది. కృష్ణకు ఎడమ ఒడ్డున, నాగార్జునకొండకు ఎదురుగా ఉండేదా ఊరు. అప్పట్లో మా దేవరకొండ తాలూకాయే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఇక ఊరికి మునక తప్పదు. అవతలి ఒడ్డున కేంద్ర పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వితే, ఇవతల ఏలేశ్వరాన్ని రాష్ట్ర శాఖ తవ్వింది. పెద్దరాతియుగపు సమాధులు, మధ్యయుగపు గుళ్లు బయటపడ్డాయి. ఆ తవ్వకాలపై అబ్దుల్ వహీద్ ఖాన్ పుస్తకం 1963లో వచ్చింది. ఇప్పుడక్కడ నీళ్లే. గట్టు మీది మల్లన్న దగ్గరికి పడవలో పోవాలి.

పురావస్తు వాళ్ల ఫొటోల్లో నలుపు తెలుపు చారల కొలకర్ర ఒకటి కనిపిస్తుంది. అందం చెడగొడుతుంది గానీ గోడ ఎత్తెంతో చెబుతుంది. నేనైతే మేస్త్రీ టేపు సాగదీసి దర్వాజకు ఆనిస్తాను. ముందు ఇంటి ముఖాన్ని ఎదురుగా నిలబడి, కెమెరా వంచకుండా తీయాలి. తర్వాత ప్రతి అర్రనూ రెండు ఎదురెదురు మూలల నుంచి. ఆ తర్వాతే దూలాలు, గూళ్లు, డంగుసున్నం పెచ్చులు, కడప మీది చెక్కడం. చెక్కడానికి పొద్దుటి ఏటవాలు వెలుతురే కావాలి. ఫ్లాష్ కొడితే గీతలన్నీ చదునైపోతాయి. మరీ వెడల్పు లెన్సు వాడితే చిన్న అర్ర కూడా ఫంక్షన్ హాలులా కనిపిస్తుంది. అది అబద్ధం. పైకప్పు వాలిన గదిలోకి మాత్రం నేను పోను, గుమ్మంలోంచే తీస్తాను.

1860లలో పారిస్ పాత సందులు పడగొట్టేటప్పుడు, వాటిని ఫొటోలు తీయమని నగర పాలనే షార్ల్ మార్విల్‌కు పని అప్పజెప్పింది. మన ఊళ్లలో అలా అప్పజెప్పేవారు లేరు, మనమే తీసుకోవాలి.

మీ తాతల ఇల్లు విప్పుతున్నారా? ఫోన్ చాలు. తీసిన ఫొటోలు కొన్నయినా కాగితం మీద వేయించి, వెనక ఊరు, వాడ, తేదీ, కట్టించినవారి పేరు రాయండి. పేరు లేని గోడ ఫొటోను మీ మనవలు కూడా గుర్తుపట్టలేరు.