చెప్పుకొనే చోటు

"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని మన పెద్దలు ఒక సామెత పెట్టి పోయినారు. చెప్పేవాడే ఘనుడనీ, వినడం పనిలేనివాడి పని అనీ అందులోని ధ్వని. కాని మన బెంగుళూరులో వినడమే వృత్తిగా పెట్టుకొన్నవారు నేడు ఎందరో ఉన్నారు. దానికొక చదువున్నది, శిక్షణ ఉన్నది, ఫీజు కూడా ఉన్నది. "మన బాధ మనం చెప్పుకొంటూ ఎదురు డబ్బులివ్వడమేమిటి?" అని చాలాకాలం నవ్విన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ నవ్వు నాకెట్లా పోయిందో పాఠకులకు చెప్పుకొందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇది మా అక్కయ్య సంగతి. ఆమె అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను. పేర్లు మాత్రం వద్దన్నది.

అక్కయ్య డెబ్బైకి దగ్గరపడిన మనిషి. పెండ్లయి ఈ ఊరు వచ్చి, మల్లేశ్వరంలో కాపురం పెట్టి, పిల్లల్ని ఇక్కడే పెంచి పెద్దచేసింది. ఉగాదికి మనవాళ్ళంతా చేరినప్పుడు పులిహోర కలిపే చెయ్యి ఆమెదే. మూడేళ్ళ క్రిందట ఒక రాత్రి బావగారు గుండెపోటుతో పోయినారు. పెద్దకర్మ ముగిసింది. కొడుకులిద్దరూ అమెరికాకు తిరిగి వెళ్ళినారు. చుట్టాలు ఎవరిండ్లకు వారు చేరుకొన్నారు. ఇన్నాళ్ళలో అక్కయ్య కంట తడిపెట్టింది లేదు. "ఎంత ధైర్యం!" అని అందరమూ మెచ్చుకొన్నాము.

ఏడాది తిరిగేసరికి ఆ ధైర్యం సంగతి బయటపడింది. రాత్రి రెండు గంటలకు మెలకువ, గుండె దడ, ఒళ్ళంతా చెమట. హృద్రోగ నిపుణుడు ఈసీజీ, ఎకో తీయించి, "గుండెకేమీ లోపం లేదు" అన్నాడు. మాకది సంతోష వార్త. ఆమెకు మాత్రం "అంతా నీ భ్రమ" అన్నట్లు వినిపించిందట. మేము చేయగలిగినదంతా చేశాము. నేను "ధైర్యంగా ఉండక్కయ్యా" అన్నాను. మా ఆవిడ "పిల్లల మొహం చూసి మరచిపోండి వదినగారూ" అన్నది. పక్కింటావిడ రామకోటి పుస్తకం తెచ్చి ఇచ్చింది. పెద్దకొడుకు ఫోనులో "యోగా క్లాసులో చేరమ్మా" అన్నాడు. అందరమూ చెప్పినవాళ్ళమే. విన్నవాళ్ళం ఒక్కరమూ లేము.

అప్పుడు మా పెద్దమ్మాయి "అత్తయ్యను ఒక కౌన్సెలర్ దగ్గరకు తీసుకొని పోతాను" అన్నది. నాకు కోపం వచ్చింది. "ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు. మన సంగతులు పరాయివాళ్ళకు చెప్పుకోవడమా?" అన్నాను. అమ్మాయి నెమ్మదిగా, "అత్తయ్య మనసులో ఉన్న గుట్టు ఏమిటో మీకు తెలుసా నాన్నా?" అని అడిగింది. నాకు తెలియదు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇక నేను అడ్డు చెప్పలేకపోయినాను.

మొదటి రోజు నేనూ వెంట వెళ్ళి బయట కూర్చొన్నాను. ముప్పావుగంట తరువాత అక్కయ్య బయటకు వచ్చింది. "ఏమన్నది?" అని ఆత్రంగా అడిగాను. "ఏమీ అనలేదురా. మీ బావకు ఏ కూర ఇష్టమని అడిగింది. గుత్తివంకాయ అన్నాను. ఆ తరువాత నాకు మాట రాలేదు. ఆవిడా ఊరికే కూర్చున్నది" అన్నది. ఊరికే కూర్చోవడానికా ఇంత ఫీజు అని నేను లోపల లెక్క వేసుకొంటున్నాను. "మళ్ళీ వస్తావా?" అని అడిగితే, "వస్తాను. ఆవిడ నన్ను తొందరపెట్టలేదు" అన్నది.

నాలుగోసారి వెళ్ళినప్పుడు సంగతి బయటపడింది. ఆ రాత్రి పదకొండు గంటలకే బావగారు ఛాతీలో ఇబ్బందిగా ఉన్నదన్నారట. తిన్నది అరగలేదేమోనని అక్కయ్య వాము నీళ్ళు కాచి ఇచ్చి, "తెల్లవారనీండి, డాక్టరు దగ్గరకు పోదాము" అన్నది. తెల్లవారకముందే ఆయన పోయినారు. ఆ ఒక్కమాటను ఏడాదికి పైగా గుండెల్లో పెట్టుకొని ఆమె మా అందరి నడుమా తిరిగింది. "నీవెంత ధైర్యవంతురాలివి" అని మేమన్న ప్రతిసారీ అది ఆమెకు శూలంలా గుచ్చుకొన్నదట.

అంతవరకు కన్నడంలో మాట్లాడుతూ వచ్చిన అక్కయ్యకు ఆనాడు తనకు తెలియకుండానే తెలుగు వచ్చేసింది. ఆ కౌన్సెలరుది చింతామణి వైపు. తెలుగు బాగా అర్థమవుతుంది. ఆమె "మీ తప్పేమీ లేదు" అని అనలేదట. "ఆ రాత్రి మీరు ఒక్కరే ఉన్నారు. అప్పటినుంచీ ఈ సంగతితోనూ మీరు ఒక్కరే ఉంటున్నారు" అన్నదట. బావగారు పోయిన తరువాత అక్కయ్య మొట్టమొదట ఏడ్చినది ఆ గదిలోనే.

"నీ తప్పు లేదు" అనడమే దయ కదా, ఆవిడ అట్లా ఎందుకు అనలేదని నాకు సందేహం కలిగింది. దానికోసమే ఈ విషయం గూర్చి కొంత చదివాను. కౌన్సెలరు అంటే నిఘంటువులో సలహాదారు అని ఉంటుంది. కాని ఈ పద్ధతికి మూలపురుషులలో ఒకరైన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ సలహాలివ్వడాన్నే ప్రశ్నించినాడు. 1942లో వెలువడిన పుస్తకంలో ఆయన తన దగ్గరకు వచ్చేవారిని రోగి అనడం మాని క్లయింటు అన్నాడు. 1957లో వ్రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో మనిషి మనసు కుదుటపడడానికి కావలసిన షరతులు ఏర్పరచినాడు. అందులో చికిత్సకునికి చెందినవి మూడు: పైకొకటి లోపలొకటి లేకుండా ఉండడం, ఎదుటి మనిషిని ఏ షరతూ లేకుండా ఆదరించడం, అతని బాధను అతని కళ్ళతోనే చూడగలగడం. ఇవన్నీ చికిత్సకునిలో ఉంటే చాలదు, ఉన్నట్లు ఎదుటివానికి కొంతైనా తెలియాలని కూడా ఆయన వ్రాసినాడు.

ఇప్పుడు నా సందేహం తీరింది. "నీ తప్పు లేదు" అని చప్పున అనేస్తే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఆ మాట బాధపడేవారిని ఊరుకోబెట్టడానికి కంటే వినలేని మన ఇబ్బందిని తప్పించుకోవడానికే ఎక్కువ పనికివస్తుంది. తరువాతి వారాలలో అక్కయ్యే, ఆ రాత్రి తనకు తెలిసినదేమిటి, తెలియనిదేమిటి అని ఒక్కొక్కటిగా విడదీసుకొని చూసుకొన్నది. తప్పు తూకం ఎంతో ఆమే తేల్చుకొన్నది.

1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మరొక శాస్త్రవేత్త, ఏ పద్ధతి చికిత్సకైనా అడుగున ఉండవలసిన పొత్తును మూడు పాళ్ళుగా విడదీసి చూపించినాడు. ఏమి సాధించాలో ఇద్దరూ ఒప్పుకోవడం, దానికి ఏ పని చేయాలో ఒప్పుకోవడం, ఇద్దరి నడుమ నమ్మకం. మాత్ర వేసుకొంటే, ఇచ్చిన డాక్టరు నచ్చకపోయినా అది కొంత పని చేయవచ్చు. ఇక్కడ మాత్రం ఆ నమ్మకమే మందులో పెద్ద పాలు.

ఆ నమ్మకం ఒకసారి తెగబోయింది కూడా. ఒకనాడు అక్కయ్య చెబుతూ ఉండగా ఆ కౌన్సెలరు ఫోను మ్రోగింది. ఆమె దాన్ని తీసుకొని రెండు నిమిషాలు మాట్లాడింది. అక్కయ్య పైకి ఏమీ అనలేదు కాని, ఆ మరుసటి వారం పోనన్నది. "ఆవిడకూ నేనొక బేరమే" అన్నది. రెండు రోజులకు ఆ కౌన్సెలరే ఫోను చేసి, "ఆ రోజు నేను చేసింది తప్పు. మీరు అంత కష్టమైన సంగతి చెబుతుంటే నేను లేచి పోయినాను. మీకు కోపం వచ్చి ఉంటే ఆ కోపం కూడా తీసుకొని రండి" అన్నదట. అక్కయ్య వెళ్ళి ముప్పావుగంటా కోప్పడి వచ్చింది. "ఈ వయసుకు నా కోపాన్ని కూర్చొని విన్న మనిషి ఆవిడ ఒక్కతేరా" అన్నది. ఇట్లా తెగిన పొత్తును మళ్ళీ అతుకుకోవడం చికిత్సలో ముఖ్యభాగమని సాఫ్రన్, మ్యూరన్ మొదలైన పరిశోధకులు వ్రాసినారు. తగవు పడి కూడా బంధం నిలుస్తుందని ఒకసారి అనుభవంలోకి వస్తే, ఆ ధైర్యం ఇంటికీ వస్తుంది.

ఇదంతా పాశ్చాత్యుల వ్యవహారం కదా, మనకు నప్పుతుందా అని అడిగేవారుంటారు. ఆ ప్రశ్న మొదట వేసుకొన్నవారిలో మన బెంగుళూరు వైద్యులే ఉన్నారు. హోసూరు రోడ్డులో మనమంతా ఎరిగిన నిమ్హాన్స్‌కు పునాది అయిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ 1954 డిసెంబరు 27న ప్రారంభమయింది. ఆ సంస్థా, పాత మైసూరు ప్రభుత్వపు మానసిక వైద్యశాలా కలిసి 1974లో నిమ్హాన్స్ అయినవి. అక్కడి డాక్టర్ ఎన్. సి. సూర్య, జయరామ్ అనే సహచరునితో కలిసి 1964లో ఒక వ్యాసం వ్రాసినారు. మన దేశపు రోగి చికిత్సకుణ్ణి దూరంగా కూర్చొనే పరాయివానిగా చూడడనీ, ఇంటి పెద్దనుంచి కోరుకొనే ఆసరాను అతని దగ్గర కోరుకొంటాడనీ దాని సారాంశం. 1973లో డాక్టర్ జె. ఎస్. నేకీ గురుశిష్య సంబంధమే మనకు తగిన నమూనా కావచ్చునని సూచించినారు.

కుటుంబాన్ని గూర్చి కూడా మనవాళ్ళు తొలినాడే ఆలోచించినారు. 1950లలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతోబాటు ఇంటివారిని కూడా ఉంచినారు. చిత్తూరు వాళ్ళకు పొరుగూరైన వేలూరులో, క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలోనూ, రోగి వెంట ఇంటి మనిషి ఉండే పద్ధతి పెట్టినారు. కాబట్టి ఇది మనకు పరాయి విద్య కాదు.

అయితే కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. మాట్లాడుకొంటే అన్నీ తీరిపోతాయని అనుకోరాదు. నిద్ర బొత్తిగా లేకపోవడం, తిండి మానడం, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, బ్రతుకు మీద విరక్తి మాటలు — ఇట్టివి కనిపిస్తే మానసిక వైద్యుణ్ణే చూడాలి. మందులు అవసరం కావచ్చు. దుఃఖం రోగం కాదు. కాని నెలల తరబడి తగ్గక, రోజువారీ బ్రతుకును సాగనీయని దుఃఖానికి చికిత్స అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులో ఉన్న తన వ్యాధుల పట్టికలో చేర్చింది. కౌన్సెలరు దగ్గరకు పోయేముందు ఆమె చదువు, శిక్షణ ఏమిటో అడగడంలో మొగమాటం వద్దు. ఒకరి దగ్గర మనసు కుదరకపోతే మరొకరిని చూసుకోవచ్చు. ఇక గుట్టు సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక అనారోగ్యంతో ఉన్నవారి వివరాలు గోప్యంగా ఉంచే హక్కును ఇచ్చింది. ప్రాణాపాయం వంటి కొద్ది సందర్భాలకే మినహాయింపు. మన ఇండ్లలో ఒకరి సంగతి ఎంతమంది నోళ్ళు తిరుగుతుందో తలచుకొంటే, గుట్టు ఎక్కడ భద్రంగా ఉంటుందో మీరే చెప్పండి.

ఫీజు ఇచ్చుకోలేనివారికీ, బయలుదేరి పోలేనివారికీ కూడా దారి ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రభుత్వం టెలిమానస్ అనే ఉచిత టెలిఫోను సేవ ప్రారంభించింది. నంబరు 14416. దానికి మన నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం. పగలైనా రాత్రైనా తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఈ నంబరును గోడ మీద క్యాలెండరు పక్కన వ్రాసి పెట్టుకోండి.

అక్కయ్య ఏడెనిమిది నెలలు వారం వారం వెళ్ళింది, తరువాత నెలకొకసారి, ఇప్పుడు మానుకొన్నది. రాత్రులు దడ అప్పుడప్పుడు వస్తుంది గాని, "వచ్చింది, పోతుంది" అంటుంది. పోయిన ఉగాదికి మళ్ళీ పులిహోర కలిపింది.

ఒకనాటి సాయంకాలం, ఆ రాత్రి సంగతంతా నాకూ స్వయంగా చెప్పింది. మధ్యలో "పోనీలే అక్కయ్యా, నీవేం చేస్తావు?" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మ్రింగేశాను. ఆమె చెప్పడం ముగిసేసరికి చేతిలోని కాఫీలు చల్లారిపోయినవి. అరవై ఏళ్ళకు పైబడిన తోడబుట్టిన బంధంలో, నేను ఆమె మాటను మొదటినుంచి చివరిదాకా అడ్డు రాకుండా విన్నది అదే మొదటిసారి అని సిగ్గుతో ఒప్పుకొంటున్నాను.

మనందరమూ కౌన్సెలర్లం కానక్కరలేదు, కాలేము కూడా. కాని ఈ పత్రిక మూసిన తరువాత, మీ ఇంట్లో చాలాకాలంగా "ధైర్యంగా ఉన్న" మనిషి ఎవరో ఒకసారి చూడండి. వారి పక్కన కాసేపు ఊరికే కూర్చోండి.