అయిపోయిన సెల్లులు ఎక్కడ వేస్తున్నారు?

టార్చిలైటు సెల్లులు అయిపోతే మన ఇళ్లలో ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు వాడతారు. తరువాత చెత్తలోకో, పొయ్యిలోకో విసిరేస్తారు. మంటలో సెల్లు పేలుతుంది. ఆ పని మాత్రం దయచేసి చేయవద్దు.

మాకు ఎక్కువ భయం బిళ్ల సెల్లులంటే. రిమోట్లలో, ఆటబొమ్మలలో ఉండే వీటిని పసిపిల్లలు ఇట్టే మింగేస్తారు. రిమోటుకు పనికిరాని సెల్లులో కూడా గొంతును కాల్చేంత కరెంటు మిగిలి ఉంటుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటలలోనే తీవ్రమైన పుండు పడవచ్చు. అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఏడాది దాటిన బిడ్డ మింగగలుగుతుంటే దారిలో 10 నిమిషాలకోసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చు. ఏడాదిలోపు బిడ్డకు తేనె వద్దు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయవద్దు.

పాత సెల్లుల రెండు కొసలకూ టేపు అంటించి, మూత డబ్బాలో పిల్లలకు అందని చోట ఉంచండి. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చకండి, విడిగా పెట్టండి. వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగుకు పంపించే బాధ్యత 2022 నియమాల ప్రకారం తయారీదారులదే. వాటిని తడిచెత్తలో కలపకుండా వేరుగా ఇవ్వడం మన వంతు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు తెచ్చి మందుల కిటికీ పక్కనున్న డబ్బాలో వేయండి.