తోటమాలి పేరున ఒక కాగితం

బార్డోలీలో దస్తావేజులు రాసి బతికే మనిషిని నేను. మా నాన్న సిరిసిల్ల పక్క పల్లె నుంచి సూరత్ మరమగ్గాల మీదికి వచ్చాడు. నేను అక్కడే పుట్టి, గుజరాతీ మీడియంలో చదువుకుని, పెళ్లయ్యాక ముప్పై కిలోమీటర్లు తూర్పుకు జరిగి ఇక్కడ స్థిరపడ్డాను. మామలతదార్ కచేరీ అంటే మన తహసీల్దార్ ఆఫీసు. దానికి దగ్గర్లోనే ఒక వకీలుగారి గదిలో నా బల్ల. దుకాణం అద్దెకిచ్చినా, ట్రాక్టర్ అమ్మినా, అన్నదమ్ములు చెరకు పొలం పంచుకున్నా నా దగ్గరికి వస్తారు. పదకొండు నెలల అద్దె ఒప్పందంలో ఫ్యాన్లెన్ని, కుళాయిలెన్ని అన్నది కూడా రాయించుకుంటారు. అదే ఇంట్లో ఏళ్ల తరబడి చెట్లకు నీళ్లు పెడుతున్న మాలీ గురించి, అంట్లు తోముతున్న కామ్‌వాలీ గురించి కాగితం రాయమని అడిగేవాళ్లు మాత్రం కనిపించరు.

అడిగినవాడు ఒకాయన వచ్చాడు. అయితే ఆయనకు కావలసిన కాగితం వేరే రకం.

ఈ తాలూకా పటేళ్లలో చాలామంది ఇంగ్లండులో, అమెరికాలో ఉంటారు. ఊళ్లో వాళ్లు కట్టుకున్న బంగళాలు ఏడాదిలో ఎక్కువ నెలలు తాళం వేసే ఉంటాయి. చలికాలంలో వచ్చి, పెళ్లిళ్లూ పేరంటాలూ చూసుకుని వెళ్లిపోతారు. మిగతా రోజుల్లో గేటు లోపల ఉండేది మాలీ కుటుంబమే. చీకూ చెట్లు, కేసర్ మామిళ్లు, పచ్చిక, కుండీలు, వెనకాల ఒక రేకుల గది. వచ్చినాయన అలాంటి ఒక ఇంటి యజమానురాలికి దగ్గర చుట్టం, ఆమె తరఫున ఇంటి వ్యవహారాలు చూస్తుంటాడు. చేతిలో ఎర్ర అట్ట నోట్‌బుక్. మాలీ పద్దెనిమిది వేలు బాకీ ఉన్నాడట. అది తీరేదాకా ఇల్లు వదిలి వెళ్లనని అతనితో రాయించి సంతకం తీసుకోవాలట.

ఆ నోట్‌బుక్ తిరగేశాను. గోధుమల బస్తా. హోలీకి వెయ్యి. ఆస్పత్రికి అయిదు వందలు. కూతురి బడి బట్టలు. మళ్లీ ఆస్పత్రి. పేజీ తర్వాత పేజీ, తేదీలతో సహా, చక్కని దస్తూరి. అన్నీ అతను తీసుకున్నవే. అతనికి నెల జీతం ఎంత, ఏ నెలది ఎప్పుడు ఇచ్చారు, సెలవు రోజు పనిచేస్తే ఏమిచ్చారు అన్న లెక్కకు ఆ పుస్తకంలో ఒక్క గడి కూడా లేదు.

అలాంటి కాగితం రాయడం కుదరదని చెప్పాను. బాకీ తీరేదాకా పని మానకూడదు అన్న షరతుకు మన దేశంలో ఒక పేరుంది, వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం అలాంటి ఒప్పందం దేన్నీ చెల్లనివ్వదు. రాసుకున్నా చెల్లదు, నోటి మాటగా అనుకున్నా చెల్లదు. పైగా అలా పని చేయించుకున్నవారికి మూడేళ్ల దాకా జైలు. ఆయన నమ్మలేదు. చట్టం తీసి, ఏయే పద్ధతులు వెట్టి కిందికి వస్తాయో పేరుపేరునా చెప్పిన చోటు చూపించాను. అందులో హాళీ ఉంది. ఆ మాట చూశాక ఆయన ముఖం మారింది. దాని అర్థం ఈ తాలూకాలో ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

బార్డోలీ అనగానే మనకు 1928 గుర్తొస్తుంది. భూమిశిస్తు 22 శాతం పెంచితే రైతులు కట్టమని ఎదురు తిరగడం, వల్లభ్‌భాయ్ పటేల్‌కు సర్దార్ అన్న పేరు స్థిరపడటం మనం బడిలో చదువుకున్నాం. ఆ పొలాలు దున్నిన చేతులు మాత్రం ఎక్కువగా హాళీలవి. పెళ్లి ఖర్చుకు దుబళా అనే ఆదివాసీ తెగ యువకుడు భూస్వామి దగ్గర అప్పు తీసుకునేవాడు, ఆ రోజు నుంచి అతను హాళీ. అతను నాగలి పడితే, భార్య యజమాని ఇంట్లో ఊడ్చి, పేడ ఎత్తి, నీళ్లు మోసేది. పిల్లవాడు పశువులు కాసేవాడు. తిండిగింజలు ఇచ్చేవారు, రోగమొస్తే ఇంకాస్త అప్పు ఇచ్చేవారు. ఖాతా పెరిగేదే గాని తరిగేది కాదు. గాంధీజీ కాలంలో వాళ్లను హళపతులని గౌరవంగా పిలవడం మొదలైంది. 1938లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగిన హరిపురా ఇక్కడికి దగ్గరే. ఆ మరుసటి ఏడాది హాళీలను విడిచిపెడతామని రైతులతో ఒప్పందం కూడా జరిగింది. ఆచరణలో అది ఎక్కువ దూరం నడవలేదు. డచ్ పరిశోధకుడు యాన్ బ్రెమన్ 1960లలో దక్షిణ గుజరాత్ పల్లెల్లో తిరిగి, యజమాని పోషణా దోపిడీ ఒకే బంధంలో ఎలా కలిసి ఉండేవో 1974లో పుస్తకంగా రాశాడు.

ఆ వెట్టిచాకిరీ చట్టంలోనే హాళీతో పాటు భగేలా, జీత, పాలేరు, వెట్టి అన్న పేర్లూ ఉన్నాయి. నాలుగూ మన తెలుగు నేలకు తెలిసినవే. మా తాత దొర దగ్గర జీతం ఉన్నవాడు. ఏటా ఉగాదికి నోటి మాట మీద మళ్లీ ఏడాదికి కుదిరేవాడు. ఏ ఏడాది ఎన్ని వడ్లు రావాలో, ఎన్ని వచ్చాయో మా నాన్నకు చివరిదాకా తెలియలేదు. తాత అప్పు ఎంతో మాత్రం ఊరందరికీ తెలుసు. ఇన్నేళ్లుగా రాతకోతల మధ్య ఉండి నాకు అర్థమైంది ఇదే: పేదవాడి విషయంలో కాగితం ఎప్పుడూ అతను ఇవ్వాల్సినదాన్నే రాసింది. అతనికి రావాల్సినదాన్ని రాసే కాగితం కావాలి.

చట్టం దృష్టిలో నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అన్నిటికీ రాత ఉండాలనదు. చిక్కు రుజువు దగ్గర వస్తుంది. జీతం ఎనిమిది వేలన్నారని మాలీ అంటాడు, ఆరే అన్నామని యజమాని అంటాడు. నాలుగు గోడల మధ్య జరిగినదానికి సాక్షి ఎవరు?

ఇంకో చిక్కు, ఇల్లు కార్ఖానా కాదు. కాన్పూరులో జె.కె. కాటన్ మిల్లు తన ఆఫీసర్ల బంగళాల్లో తోటలు చూడటానికి మాలీలను పెట్టుకుంది. వాళ్లు కార్మికులా కాదా అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాళ్లను మిల్లు పెట్టుకుంది, జీతం మిల్లు ఇస్తోంది, కాబట్టి కార్మికులే అని 1960లలో కోర్టు తేల్చింది. అదే గడ్డపారతో, అదే గులాబీ పాదులకు గొప్పు తవ్వే మాలీని ఒక కుటుంబం సొంతంగా పెట్టుకుంటే ఆ రక్షణ లేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఇంటి చాకిరీని పరిశ్రమ అన్న నిర్వచనం నుంచి తీసేసింది. అంటే ఉన్నట్టుండి రేపటి నుంచి రావద్దంటే లేబర్ కోర్టు మెట్లెక్కే దారి లేదు. నాకిది అన్యాయంగా తోస్తుంది. పనిని చూడాల్సిన చట్టం గేటు మీది పేరు చూసి ఆగిపోతోంది.

అలాగని చట్టంలో వాళ్లకు ఏమీ లేదనుకోకూడదు. సామాజిక భద్రత కోడ్ ఇళ్లలో పనిచేసేవాళ్లను అసంఘటిత కార్మికుల్లో చేర్చింది. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఇ-శ్రమ్ పోర్టల్‌లో మాలీలు, పనిమనుషులు పేరు నమోదు చేసుకోవచ్చు. ఏడాదికి ఇరవై రూపాయలు బ్యాంకు ఖాతాలోంచి కడితే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి రెండు లక్షలు వస్తాయి. 2013 నాటి లైంగిక వేధింపుల చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కిస్తుంది. పనిమనిషి జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, ప్రాథమికంగా నిజమనిపిస్తే కమిటీ దాన్ని ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లోనే ఇంటిపనికి కనీస వేతనాలు నోటిఫై చేసిన సంగతి మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. ఇక 2025 జనవరి 29న సుప్రీంకోర్టు, ఇంటి పనివాళ్లకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడికకు మన దేశం అనుకూలంగా ఓటు వేసింది గాని, ఇంతవరకు ఆమోదముద్ర వేయలేదు. ఇంట్లో చేసినా, ఇంటి కోసం చేసినా అది ఇంటిపనే అంటుంది ఆ ఒడంబడిక. తోటమాలీ అందులోకి వస్తాడు.

కువైట్ సంగతి ఇక్కడ చెప్పాలి. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు అక్కడికి ఖద్దామాలుగా, అంటే ఇంటి పనివాళ్లుగా వెళ్తారు. వాళ్ల కష్టాలు మనం వింటూనే ఉన్నాం. అయినా కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనికి రాతపూర్వక ఒప్పందం, రోజుకు పన్నెండు గంటల పరిమితి, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి నెల రోజుల జీతంతో కూడిన సెలవు చెబుతుంది. అమలు వేరే సంగతి. అదే మనిషి తిరిగి వచ్చి కడపలోనో హైదరాబాదులోనో పనికి కుదిరితే ఆమె చేతిలో ఆ మాత్రం కాగితం కూడా ఉండదు.

బాకీ కాగితం రాయనన్నాక ఆ చుట్టం నా బల్ల ముందు నుంచే యజమానురాలికి వాట్సాప్ కాల్ చేశాడు. ఆమె ఉండేది లెస్టర్‌లో. విషయం నేనే చెప్పాను. ఆమె తొందరగానే అర్థం చేసుకుంది. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నా మొదటి రోజే షరతులు రాసి చేతికివ్వాలి. ఆమె కోడలికి దుకాణంలో పని దొరికినప్పుడు అలాంటి కాగితమే ఇచ్చారట. "మరి మన మాలీకి ఇవ్వడానికేం? రాయండి భాయ్" అంది.

ఒప్పుకోనిది మాలీ. మర్నాడు గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "మా బాపు ఒక్కసారి వేలిముద్ర వేశాడు సాహెబ్. చచ్చేదాకా తీరలేదు" అన్నాడు. నేను సాహెబును కాదు కాకా, కూర్చోండి అన్నాను. ఒక్కో మాటా గుజరాతీలో చదివి వినిపిస్తాను, నచ్చనిది కొట్టేస్తాను, ఒక కాపీ మీ దగ్గరే ఉంటుంది అని చెప్పాక వచ్చి కూర్చున్నాడు.

జీతం దగ్గర పేచీ రాలేదు. పేచీ అంతా పని దగ్గరే వచ్చింది. తోటపని అంటే ఏది? పొద్దున మోటారు వేయడం, పచ్చిక కత్తిరించడం, చెట్లకు ఎరువు పెట్టడం సరే. కారు కడగడం, నీళ్ల ట్యాంకు లోపలికి దిగి శుభ్రం చేయడం, రాత్రి కాపలా, చలికాలంలో చుట్టాలొస్తే బజారు పనులు? ఇవన్నీ ఇన్నాళ్లూ తోటపనిలోనే కలిసిపోయాయి. ఒక్కోటి విడదీశాం. కాపలాకు వేరే డబ్బు. ట్యాంకుకు బయటి మనిషి. కొబ్బరి చెట్టు ఎక్కే పని అతనిది కాదు. మందు కొట్టాల్సి వస్తే చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు యజమాని కొనాలి. ఆ మాట వినగానే మాలీ తన అరచేతులు చూపించాడు. బొటనవేలి దగ్గర చర్మం పొలుసులుగా లేచి ఉంది, మందు కలిపే చెయ్యి అది.

వారానికి ఒక పూర్తి రోజు సెలవు రాశాం. హోలీకి అయిదు రోజులు కావాలని పట్టుబట్టాడు. ఇక్కడి ఆదివాసులకు దీపావళి కంటే హోలీ పెద్ద పండగ, అది రాయకపోతే ఆ ఒప్పందం అతనిది కానట్టే. జీతం ప్రతి నెలా అయిదో తేదీ లోపు బ్యాంకులో పడాలి. అడ్వాన్సు, ఇక్కడి భాషలో ఉపాడ్, వడ్డీ లేకుండా ఇవ్వాలి, నెలకు జీతంలో అయిదో వంతుకు మించి కోయకూడదు. బాకీ ఉందని పని మానకుండా ఆపకూడదు. ఈ ఒక్క వాక్యం నేను రెండుసార్లు చదివి వినిపించాను. పాత నోట్‌బుక్కులోని పద్దెనిమిది వేల మాట ఎత్తితే, ఆ ఆస్పత్రి ఖర్చులు తానే పెట్టుకుంటానంది యజమానురాలు. మిగిలింది చిన్న మొత్తం.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది ఆ రేకుల గది. పని పోతే గది కూడా పోతుంది. పిల్లల బడి మధ్యలో ఆగుతుంది, రేషన్ కార్డు చిరునామా పోతుంది. ఈ భయంతోనే మాలీలు ఏమన్నా కిమ్మనకుండా పడి ఉంటారు. పని మాన్పించాలంటే ఒక నెల ముందు చెప్పాలి, ఆ తర్వాత గది ఖాళీ చేయడానికి ఇంకో రెండు నెలలు గడువు ఉండాలి అని రాశాను. చుట్టానికి నచ్చలేదు, అద్దెకున్నవాడి హక్కులొచ్చేస్తాయేమోనని ఆయన భయం. వకీలుగారు కలగజేసుకుని, గది పనితో పాటు ఇచ్చినదే, అద్దెది కాదు అన్న మాట చేర్చారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. మాలీ వేలిముద్ర వేయలేదు. మూడో తరగతిలో నేర్చుకున్న సంతకం, కొంచెం సేపు పట్టినా, అక్షరం అక్షరం రాశాడు.

తేలనిది ఒకటి మిగిలింది. ఆ బంగళాలో గదులు ఊడ్చేది, పరుపులు ఎండబెట్టేది, చలికాలంలో యజమానురాలు వచ్చినప్పుడు రొట్టెలు చేసేది మాలీ భార్య. ఆమెకు విడిగా జీతం లేదు. "ఇద్దరికీ కలిపే కదా ఇస్తున్నాం" అన్నాడు చుట్టం. హాళీ భార్యకు చెప్పిందీ ఇదే మాట. ఆమె పనిని మొగుడి కాగితంలో ఇరికించడానికి నేను ఒప్పుకోలేదు. యజమానురాలు డిసెంబరులో వస్తుంది, అప్పుడు కూర్చుని మాట్లాడదామంది. ముసాయిదా తయారుగా ఉంది. మాలీ భార్య పేరు పైన రాసి ఉంది. గంటలు, జీతం, వారపు సెలవు, కాన్పు సెలవు, డబ్బు పడాల్సిన ఆమె సొంత బ్యాంకు ఖాతా నంబరు. ఆ ఖాతా ఆమె పోయిన వారమే తెరిచింది.