పిల్లలకు సైకిలు కొంటున్నారా? చవకదా, కంపెనీదా?

వేసవి సెలవులు మొదలైతే మా డ్రెస్సింగు గదికి వచ్చే పిల్లల సంఖ్య పెరుగుతుంది. మోకాలు గీసుకుపోయినవారు, గడ్డం చిట్లినవారు, మడమ చక్రంలో పడినవారు – వీరిలో చాలామంది సైకిలు మీద నుండి పడినవారే. ఎక్కువమందికి గాయం కడిగి, కట్టు కట్టి, అదే రోజు ఇంటికి పంపివేస్తాము. కొందరి విషయం మాత్రం అంత సులభంగా తీరదు.

కొన్ని సంవత్సరాల క్రితం ఎనిమిదేళ్ల బాబును తండ్రి ఎత్తుకొని తీసుకువచ్చారు. రెండు రోజుల ముందు ఆ బాబు సైకిలు మీద నుండి పడ్డాడు. ఒంటి మీద రక్తం లేదు, ఎముక విరగలేదు. కనుక ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు వాంతులు మొదలైతే ఏదో పడని తిండి తిన్నాడనుకున్నారు. మేము చొక్కా పైకెత్తి చూస్తే బొడ్డుకు పైన రూపాయి బిళ్లంత గుండ్రంగా కమిలిన గుర్తు ఉంది. సైకిలు హ్యాండిల్ గొట్టం పొట్టలో పొడుచుకున్న గుర్తు అది. హ్యాండిల్ చివర రబ్బరు గ్రిప్పు చిరిగిపోయి, లోపలి ఇనుప గొట్టం బయటపడి ఉందని తర్వాత తెలిసింది. డాక్టరుగారు స్కానింగ్ చేయించి, క్లోమ గ్రంథికి దెబ్బ తగిలిందని చెప్పి, వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపించారు. బాబు కోలుకొని ఇంటికి చేరడానికి మూడు వారాలు పట్టింది.

తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ తండ్రి నన్ను ఒక మాట అడిగారు: "సిస్టరమ్మా, తక్కువలో వస్తుందని పేరులేని సైకిలు కొన్నాను. కంపెనీది కొని ఉంటే వాడికి ఇలా అయ్యేది కాదా?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత సైకిలు షాపుల్లో మెకానిక్కులను అడిగి, మా దగ్గరకు వచ్చే పిల్లల సైకిళ్లను దగ్గరగా చూసి తెలుసుకున్న సంగతులను మీ కోసం ఇక్కడ రాస్తున్నాను.

రెండింటికీ తేడా ఎక్కడ ఉంది?

మన దేశంలో పేరున్న సైకిలు కంపెనీలు చాలాకాలంగా ఉన్నాయి. బి.ఎస్.ఎ., హెర్క్యులెస్ సైకిళ్లు చేసే టి.ఐ. సైకిల్స్ 1949లో మద్రాసులో మొదలైంది. హీరో సైకిల్స్ 1956లో లూధియానాలో మొదలైంది. ఏవన్ కూడా లూధియానాదే. సైకిలు విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాలు కూడా ఆ ఊళ్లో ఎన్నో ఉన్నాయి. పేరులేని సైకిలును తరచుగా రకరకాల చోట్ల నుండి తెచ్చిన విడిభాగాలతో ఒకచోట బిగించి, పైన మెరిసే స్టిక్కరు అంటించి అమ్ముతారు.

అలాగని అందులోని భాగాలన్నీ పనికిరానివని అనుకోవద్దు. మీరు కంపెనీ పేరుకు ఎక్కువ డబ్బు ఇచ్చినప్పుడు మీకు దక్కవలసినవి మూడు. ఒకటి, భాగాలన్నీ ఒకదానికొకటి సరిపోయేలా ఒకే కొలతతో ఉండడం. రెండు, బ్రేకు రబ్బరో, పెడలో పాడైతే అదే కొలతది మీ ఊరి షాపులో దొరకడం. మూడు, ఫ్రేము విరిగితే బిల్లు చూపించి అడగడానికి ఒక చిరునామా ఉండడం.

కాని ఆ ధరలో ప్రాణానికి అవసరం లేని వాటి ఖరీదు కూడా కలిసి ఉంటుంది. మోటారు బైకులా కనిపించే లావు టైర్లు, స్ప్రింగులు, గేర్లు, డిస్కు బ్రేకులు పిల్లలకు ముచ్చటగా ఉంటాయి. ఇవన్నీ బరువును పెంచుతాయి. ఆరేళ్ల పిల్లవాని బరువు సుమారు 20 కిలోలు ఉంటుంది. వానికి 12 కిలోల సైకిలు ఇస్తే, తన బరువులో సగానికి మించిన దానిని వాడు ఆపుకోవాలి. చవక సైకిళ్ల మీద కూడా ఇప్పుడు ఇవే హంగులు పెడుతున్నారు. తక్కువ ధరలోనే అన్ని హంగులూ ఇస్తే, బ్రేకు, బేరింగు వంటి కనిపించని చోట ఏదో తగ్గించి ఉంటారని అనుమానించండి.

అన్నిటికంటే ముందు కొలత

"పెరిగే పిల్లవాడు కదా, పెద్దది కొంటే నాలుగేళ్లు వస్తుంది" అని చాలామంది అనుకుంటారు. చొక్కా విషయంలో ఇది సరే. సైకిలు విషయంలో ప్రమాదం. కాళ్లు నేలకు అందని పిల్లవాడు బ్రేకు వేసినా నిలబడలేడు, పక్కకు పడిపోతాడు. ఎంత పేరున్న కంపెనీది అయినా కొలత తప్పితే అది మంచి సైకిలు కాదు.

సాధారణంగా చక్రం కొలత ఇలా ఉంటుంది:
3 – 4 సంవత్సరాలకు 12 అంగుళాలు
5 – 6 సంవత్సరాలకు 16 అంగుళాలు
7 – 9 సంవత్సరాలకు 20 అంగుళాలు
10 – 12 సంవత్సరాలకు 24 అంగుళాలు

ఇవి సుమారు లెక్కలే. ఒకే వయసు పిల్లలు అందరూ ఒకే ఎత్తు ఉండరు. కాబట్టి పిల్లవానిని షాపుకు వెంట తీసుకువెళ్లండి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల మునివేళ్లూ నేలకు ఆనాలి. కొత్తగా నేర్చుకునేవారికి పాదం పూర్తిగా ఆనితే మంచిది. సీటు ముందుకు దిగి నిలబడితే మధ్య గొట్టానికీ శరీరానికీ మధ్య ఒకటి రెండు అంగుళాల ఖాళీ ఉండాలి.

షాపులో పది నిమిషాలు చూడండి

1. బ్రేకులు: పిల్లవాని వేళ్లతోనే నొక్కించండి, మీరు నొక్కి చూసి సరిపెట్టుకోవద్దు. బ్రేకు లివరు వాని వేళ్లకు అందాలి. గట్టిగా నొక్కినా లివరు హ్యాండిల్‌కు తగలకూడదు, వంగకూడదు. ముందు బ్రేకు ఒక్కటే నొక్కి సైకిలును నెట్టండి, తర్వాత వెనుక బ్రేకు ఒక్కటే నొక్కి నెట్టండి. రెండు చక్రాలూ ఆగాలి. బ్రేకు రబ్బరు రిమ్ముకు తగలాలి గాని టైరుకు తగలకూడదు.

2. హ్యాండిల్: గ్రిప్పులు చేతితో తిప్పితే తిరగకూడదు, లాగితే ఊడకూడదు. చివర గొట్టం పూర్తిగా మూసి ఉండాలి. ముందు చక్రాన్ని మీ మోకాళ్ల మధ్య పట్టుకొని హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే నట్టు బిగించలేదన్నమాట.

3. సీటు గొట్టం: సీటు గొట్టం మీద, హ్యాండిల్ గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటకు కనిపించేంత పైకి లాగకూడదు. లాగితే లోపల పట్టు చాలక గొట్టం విరగవచ్చు లేదా ఊడిపోవచ్చు. ఆ గీతే లేని సైకిలును కొనవద్దు.

4. చైను, చక్రం: చైనుకు కవరు ఉండాలి. చిన్నపిల్లల వేళ్లు నలిగేది అక్కడే. వెనుక క్యారియరు ఉంటే చక్రం పుల్లలకు పక్కన అడ్డు కవరు, కాళ్లు పెట్టుకోవడానికి స్టాండు ఉండాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పితే అటూ ఇటూ ఊగకుండా తిరగాలి.

5. వెల్డింగు: గొట్టాలు కలిసే చోట్ల వేలితో తడిమి చూడండి. కంతలు, పగుళ్లు, ఒకవైపే అతికించిన వెల్డింగు ఉంటే వదిలివేయండి. రంగు మెరుపు చూసి మోసపోవద్దు.

ఈ ఐదు పరీక్షల్లో నెగ్గితే చవక సైకిలు అయినా, చదునైన వీధిలో, పెద్దల కళ్లముందు తొక్కే చిన్న బిడ్డకు పనికి వస్తుంది. రోజూ బడికి వెళ్లేవారికి, వాహనాలు తిరిగే రోడ్డు మీద తొక్కేవారికి, ఏటవాలు దారులున్న ఊరివారికి మాత్రం స్పేరు పార్టులు దొరికే కంపెనీ సైకిలే కొనండి. కొత్తది కొనే శక్తి లేకపోతే, కొత్త పేరులేని సైకిలుకంటే కొద్దిగా వాడిన కంపెనీ సైకిలు కొని, బ్రేకు రబ్బర్లు, తీగలు, గ్రిప్పులు కొత్తవి వేయించడం మేలు.

పెట్రోలుతో నడిచే చిన్న బైకుల సంగతి

ఈ మధ్య పిల్లల కోసమని చిన్న పెట్రోలు డర్ట్ బైకులు కూడా అమ్ముతున్నారు. పేరులేనివి ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తున్నాయి. సైకిలుకు చెప్పిన లెక్క వీటికి సరిపోదు. విదేశాల్లో అమ్మే యమహా పి.డబ్ల్యు. 50, హోండా సి.ఆర్.ఎఫ్. 50 వంటి బండ్లలో యాక్సిలరేటర్ ఎంతవరకు తిరగాలో పెద్దలు ముందే బిగించి ఉంచే స్క్రూ ఉంటుంది. దానివల్ల వేగం మీ అదుపులో ఉంటుంది. బండి చవకదైతే ఈ అదుపు ఉందో లేదో, బ్రేకు పట్టుతుందో లేదో, కాలే సైలెన్సరుకు కవరు ఉందో లేదో మీరే చూసుకోవాలి.

అయినా కంపెనీ మంచిదైనంత మాత్రాన పిల్లవాని ఎముకలు గట్టిపడవు. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 16 సంవత్సరాల లోపు పిల్లలు ఇలాంటి బండ్లు నడపకూడదని 2000 సంవత్సరంలోనే సలహా ఇచ్చింది. అక్కడ స్థిరపడిన మీ కొడుకులు, కూతుళ్లు మనవలకు ఇటువంటివి కొనాలనుకుంటే ఈ మాట వారికి చెప్పండి. మన దేశంలో మైనరు పిల్లలు రోడ్డు మీద మోటారు వాహనం నడిపి నేరం జరిగితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం తండ్రికి లేదా సంరక్షకునికి 25,000 రూపాయల జరిమానా, మూడు సంవత్సరాల వరకు జైలు శిక్ష పడవచ్చు.

ఇంటికి తెచ్చిన తర్వాత

కొత్త సైకిలు తీగలు మొదటి నెలలో సాగుతాయి, నట్లు వదులవుతాయి. నెల కాగానే ఒకసారి షాపుకు తీసుకువెళ్లి అన్నీ బిగించించండి. ఆ తర్వాత ప్రతి ఆదివారం మీరే బ్రేకులు, గ్రిప్పులు, హ్యాండిల్ నట్టు చూడండి. ఐదు నిమిషాల పని. గ్రిప్పు చిరిగితే ఆ రోజే మార్చండి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుందని పిల్లలకు చెప్పండి. క్యారియరు మీద చిన్నపిల్లలను కూర్చోబెట్టుకొని తొక్కనివ్వకండి.

ధరలో మిగిలిన డబ్బుతో ముందుగా సైకిలు హెల్మెట్ కొనండి. అది కనుబొమలకు రెండు వేళ్ల పైన సమంగా కూర్చోవాలి. గడ్డం కింద పట్టీ బిగించాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు.

పడినప్పుడు ఏమి గమనించాలి?

పిల్లలు తిడతారేమోనని దెబ్బను దాచిపెడతారు. కోప్పడకుండా, ఎలా పడ్డావని అడగండి. హ్యాండిల్ పొట్టకు తగిలిందా అని తప్పకుండా అడగండి. చొక్కా విప్పి చూడండి. పైకి చిన్న గుర్తే ఉన్నా లోపల కాలేయం, ప్లీహం, క్లోమం, పేగులు దెబ్బతినవచ్చు. ఆ లక్షణాలు కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయండి లేదా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి:
• పొట్ట నొప్పి పెరగడం, పొట్ట గట్టిపడడం, ఎడమ భుజం నొప్పి
• మళ్లీ మళ్లీ వాంతులు, ముఖ్యంగా పచ్చగా రావడం
• ముఖం పాలిపోవడం, చెమటలు, నాడి వేగంగా కొట్టుకోవడం
• మూత్రంలో రక్తం
• తలకు దెబ్బ తగిలాక మగత, మూర్ఛ, మాట తడబడడం, చెవి లేదా ముక్కు నుండి నీరు గాని రక్తం గాని కారడం
• చేయి వంకరపోవడం, వేళ్లు చల్లబడి తిమ్మిరెక్కడం

ఇలాంటప్పుడు డాక్టరు చూసేవరకు తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి.

మడమ చక్రంలో పడిన గాయం మొదటి రోజు చిన్నదిగా కనిపించినా, నలిగిన చర్మం మూడు నాలుగు రోజుల్లో నల్లబడి ఊడిపోవచ్చు. కనుక అది చిన్న గాయమైనా చూపించండి. గాయాలను శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. కాఫీ పొడి, సున్నం, కిరోసిన్ పూయవద్దు. వాపు ఉన్న చేతికి, కాలికి ఎక్స్‌రే తీయించకుండా నాటు కట్టు బిగించవద్దు. పిల్లల టీకాల కార్డు కూడా తీసుకురండి. ధనుర్వాతం టీకా అవసరమో లేదో దానిని చూసి చెప్పగలము.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు నా జవాబు. అయ్యా, గ్రిప్పు కంపెనీ సైకిలుకు కూడా చిరుగుతుంది. మీరు తక్కువ ధరది కొన్నందుకు మీ బిడ్డకు ఆ దెబ్బ తగల్లేదు. చిరిగిన గ్రిప్పును ఎవరూ చూడలేదు, పడిన రోజు పొట్టను ఎవరూ చూడలేదు. ఆ రెండూ డబ్బు ఖర్చుతో కూడిన పనులు కావు. చదువుతున్న మీరు కూడా ఈ రోజు ఇంటికి వెళ్లగానే మీ పిల్లల సైకిలు హ్యాండిల్ చివరలు ఒకసారి చూడండి.